గొర్రెలకా, గేదెలకా?

మొన్న మా గేదె ఈనింది. మినరల్ మిక్చర్ పెడితే పాలు బాగా దిగుతాయంటే, ఒక సంచి తెచ్చుకుందామని రావులపాలెంలో దాణా కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన నన్నెరగడు. సంచి తీయబోతూ ఆగి, "గొర్రెలకాండీ, గేదెలకాండీ?" అని అడిగాడు. గేదెకే అన్నాను. "ఇంట్లో గొర్రెలు కూడా ఉంటే మాత్రం దీన్ని వాటికి అందకుండా పెట్టుకోండమ్మా. వాటికిది విషం" అని చెప్పి అప్పుడు సంచి ఇచ్చాడు.

 ఆ ప్రశ్న ఆయన సొంతం కాదు. మా వదిన ఆ కొట్టు అరుగు మీద నిలబడి, ఎన్నోసార్లు బతిమాలి ఆయనకి అలవాటు చేసిన ప్రశ్న. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. సంచి ఆటోలో వేయించుకుని ఆత్రేయపురం వైపు మా ఇంటికి వచ్చేశాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. తుని దగ్గర మెట్ట ఊరు వాళ్ళది. పుట్టింట్లో గొర్రెల మధ్య పెరిగిన మనిషి. పెళ్ళై గోదారి నడుమ ఉన్న మా లంకకి వచ్చిన కొత్తలోనే, "ఇంత మేత ఉంచుకుని ఊరు మొత్తానికి ఒక్క గొర్రె లేదేంటండీ?" అని అన్నయ్యని అడిగిందట. మా వాళ్ళు నవ్వారు. మాది కొబ్బరి, అరటి, కూరపాదుల ఊరు. పాడి అంటే గేదెలే. ఆవిడ ఆ నవ్వుల్ని పట్టించుకోకుండా వాళ్ళ నాన్నకి కబురుపెట్టి ఒక జత ఆడగొర్రెల్నీ, వాటికో పొట్టేలునీ తెప్పించుకుంది. నెల్లూరు జాతివి. ఒంటిమీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. కాళ్ళు పొడుగు. మా వైపు వాళ్ళు అలాంటి గొర్రెల్ని ఎప్పుడూ చూడకపోవడంతో, వచ్చినవాళ్ళంతా మేకలు బాగున్నాయండీ అనేవారు.

అది మాత్రం ఆవిడ సహించేది కాదు. చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి, గొర్రెని వెనక్కి తిప్పి చూపించేది. "తోక చూడండి. పైకి లేస్తే మేక. కిందికి వేలాడితే గొర్రె." ఈ మాట ఎంతమందికి చెప్పిందంటే, ఆవిడ కనపడగానే ఊళ్ళో పిల్లలు "తోక చూడండి" అని అరిచి పారిపోయేవారు. ఆవిడా నవ్వేది.

మనిషి పొడగరి. చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ బొడ్డులో దోపుకునే ఉండేది. చేతులు ఎంత కడుక్కున్నా తవుడు వాసన పోయేది కాదు. పాకలోకి వెళ్ళగానే ఒక్కొక్క గొర్రె తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కింది కనురెప్ప బొటనవేలితో లాగి చూసేది. లోపల ఎర్రగా ఉంటే సరే. పాలిపోయి ఉంటే కడుపులో పాములు పడి రక్తం తాగేస్తున్నాయన్నమాట. ఇది వాళ్ళ నాన్న నేర్పిన విద్య. అది గొర్రెలతో ఆగితే చెప్పుకునే పని లేదు. మనుషులక్కూడా అదే పరీక్ష. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా గుమ్మంలో చెప్పులు విప్పేలోపలే గడ్డం పట్టుకుని రెప్ప లాగేది. రెండో కాన్పు తరవాత ఒకసారి అలాగే చూసి, "నీ ఒంట్లో రక్తం లేదే అమ్మడూ" అని నన్ను అత్తారింటికి పంపకుండా ఆపేసింది. మునగాకు, తోటకూర, బెల్లం పాకం, ఖర్జూరాలు, అన్నీ ఎదురుగా కూర్చుని తినిపించింది. మా అత్తగారికి ఫోన్ చేసి, ఇంకొన్నాళ్ళు ఉంటుందండి అని తనే చెప్పింది. అడగలేదు, చెప్పింది.

ఇక ఆవిడ చెయ్యి సంగతి. ఆ చేతికి కొంచెం పెట్టడం తెలీదు. మా ఆయన మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు, చాలండి చాలండి అంటూ విస్తరి మీదకి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టారు. వదిన సరేనంటూ వెనక్కి తగ్గి, "అదేంటండీ, మీ బండి మీద కోతి?" అంది. ఆయన తల తిప్పేసరికి గరిటెడు పులిహోర విస్తట్లో పడింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా రెండోసారి వడ్డించబోతే, బండి మీద కోతి ఉందా అని అడుగుతారు ఆయన. కాఫీ కోసం వచ్చినవాడికి టిఫిన్ పెట్టేది. టిఫిన్ తిన్నవాడిని భోజనం దాకా కదలనిచ్చేది కాదు. "తిననీ" అన్నది ఆవిడ ఊతపదం. గేదె పక్కవాళ్ళ గడ్డిమీద పడినా తిననీ, కాకి ఒడియాలు ఎత్తుకుపోయినా తిననీ. ఎవరి నోరైనా ఖాళీగా ఉంటే ఆవిడకి తన తప్పులా తోచేది. మా అమ్మ మొదట్లో దుబారా అని గొణిగింది. తరవాత మా అమ్మ మంచం పట్టినప్పుడు ఆ చేతి ముద్దలే తిని పోయింది.

జత గొర్రెలు ఏళ్ళు గడిచేసరికి పాకనిండా మంద అయ్యాయి. ఒక ఏడాది ఈనిన పిల్లల్లో కొన్ని లేచి నిలబడలేకపోయాయి. వెనక కాళ్ళు తూలిపోయేవి, ఈడ్చుకుంటూ తల్లి దగ్గరికి పాకేవి. పాలకి అందలేక కళ్ళముందే పోయాయి. పెద్ద గొర్రెల కళ్ళచుట్టూ నల్ల వెంట్రుక రంగు వెలిసింది. వదిన పశువుల డాక్టరుగారిని పిలిపించింది. చిన్న వయసాయన, నిదానస్తుడు. తల్లుల రక్తం తీయించి పరీక్షకి పంపి, వీటికి ఒంట్లో రాగి తక్కువైందండి, అందుకే పిల్లలకి నడుం దగ్గర నరాలు బలపడలేదు అన్నారు. చూలు గొర్రెలకి ఒక మందు తనే కొలిచి పోయించి, ఇది ఇంతే, ఇంతకి మించకూడదు, మళ్ళీ కావాలంటే పరీక్ష చేసే ఇస్తాను అని చెప్పారు.

తరవాతి ఈతలో పిల్లలన్నీ చెంగుచెంగున గెంతాయి. వదిన ఆనందం ఆ రోజుల్లో చూడాలి. నాకు వీడియో కాల్ చేసి, ఫోన్ గొర్రెపిల్లల మధ్య కింద పెట్టేసి, తను కనపడకుండా "చూడు చూడు" అనేది. నాకు గిట్టలూ ఆకాశమూ తప్ప ఏమీ కనపడేవి కావు.

అక్కడే ఆవిడ మనసు తన దారిన తను వెళ్ళింది. కాస్త రాగి పోస్తేనే ఇంత మేలు జరిగితే, రోజూ పెడితే ఇంకెంత బాగుంటాయి? మనుషులం రాగి చెంబులో నీళ్ళు ఆరోగ్యమని తాగడం లేదా? గేదెల కోసం తెచ్చిన మినరల్ మిక్చర్ ఇంట్లో ఉండనే ఉంది. అందులో రాగి ఉంటుందని సంచి మీద అన్నయ్య చదివి చెప్పాడు. సాయంత్రం తవుడు కలిపేటప్పుడు దాన్నీ గుప్పిళ్ళతో కలపడం మొదలుపెట్టింది. దానికి తోడు, కడుపులో పాములకని వాళ్ళ నాన్న వాడే మైలుతుత్తం ఉండేది. నీలంగా గాజుముక్కల్లా ఉంటుంది, తోటల్లో తెగుళ్ళకి సున్నంతో కలిపి కొడతారు. అదీ రాగితో చేసిందే. ఆ నీళ్ళు కూడా అప్పుడప్పుడూ తాగించేది. గొర్రెలు నిగనిగలాడాయి. దాణా తొట్టి చప్పుడైతే చాలు, ఆవిడ చేతి మీదకి ఎగబడేవి. నేను చూసినప్పుడు అవి ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను. నెలలు గడిచాయి. ఏ జబ్బూ కనపడలేదు.

ఆ వానాకాలం గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారని తెలిసి లంక మొత్తం ఏటిగట్టు మీదకి కదిలింది. మనుషులు ముందు వచ్చేశారు. వదిన మాత్రం గొర్రెలు దాటేదాకా రానంది. చేపలు పట్టుకునే ఒకాయన, గట్టు కింద ఇళ్ళలో ఉంటాడు, తన పడవలో విడతలు విడతలుగా వాటిని చేరవేశాడు. బెదిరిపోయి ఒకదానిమీద ఒకటి పడుతున్న గొర్రెల మధ్య నిలబడి, తడిసి ముద్దయి, ఆవిడ ఆఖరి విడతలో వచ్చింది. మా అత్తారి ఊరు మునిగే చోటు కాదు కాబట్టి నేను అన్నం, కూరలు క్యారేజీల్లో పెట్టుకుని గట్టుకి వెళ్ళి, వాళ్ళతోనే ఉండిపోయాను. టార్పాలిన్ పట్టాలు, గేదెలు, కోళ్ళ గంపలు, గ్యాస్ పొయ్యిలు. వాన తెరిపివ్వడం లేదు. గొర్రెలకి మేత లేదు. ఆకలితో ఒక గొర్రె ఆ పడవాయన పట్టా కిందకి దూరి బియ్యం బస్తాకి నోరుపెట్టింది. అతను కోపంతో తెడ్డు ఎత్తి అదిలించాడు. ఇంకోసారి వస్తే ఊరుకోనన్నాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా అనే మాటే.

మర్నాడు పొద్దున్న మందలో అన్నిటికంటే పెద్ద గొర్రె తల వేలాడేసి పక్కగా నిలబడింది. ఆకు పెడితే ముట్టలేదు. అది పోసిన మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. వదిన దాని తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని రెప్ప లాగింది. నేను పక్కనే ఉన్నాను. లోపల ఎరుపూ లేదు, తెలుపూ లేదు. పసుపు రాసినట్టుంది. ఆవిడ అంతసేపు ఏ రెప్పనీ అలా చూడటం నేనెరగను. మధ్యాహ్నానికి అది పోయింది. చీకటి పడేలోపు మరికొన్ని అలాగే తలలు వేలాడేశాయి.

గట్టు మీద ఖాళీగా కూర్చున్న జనం. ఎవరు ముందన్నారో తెలీదు, ఎవరో ఏదో పెట్టారన్న మాట పుట్టింది. తెడ్డు ఎత్తిన సంగతి అందరూ చూశారు. దాంతో ఆ పడవాయన పట్టా దగ్గరికి ఎవరూ వెళ్ళడం మానేశారు. వాళ్ళావిడ మంచినీళ్ళ ట్యాంకర్ దగ్గరికి వస్తే బిందెలు పక్కకి జరిపారు. తెల్లవారేసరికి ఇంకో రెండు గొర్రెలు పోయాయి. అన్నయ్య మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ పొద్దున్న వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు. ఏం పెట్టావో చెప్పమన్నాడు. వెనక పదిమంది మూగారు.

అతను చెయ్యి విదిలించుకోలేదు. అన్నయ్య ముఖంలోకి చూసి అన్నాడు:

"నా పడవలోనే తెచ్చానండి వాటిని. చంపాలనుకుంటే గోదారి మధ్యలో వదిలేసేవాణ్ణి కాదండీ?"

అన్నయ్య చెయ్యి జారింది. కానీ జనం కదల్లేదు.

అంతలో డాక్టరుగారు గట్టు వెంబడి ట్రాక్టర్ మీద వచ్చారు. పట్టాలకి దూరంగా తీసుకెళ్ళి, పోయిన గొర్రెల్లో ఒకదాన్ని కోసి చూశారు. కొవ్వు, కండ అంతా పసుపు. మూత్రపిండాలు ఇనప గుండ్లలా నీలినలుపు తిరిగి ఉన్నాయి. ఆయన లేచి చేతులు కడుక్కుని వదిన దగ్గరికి వచ్చారు. జనంలోకి కాకుండా పక్కకి పిలిచి, వీటికి ఏమేం పెడుతున్నారండి అని అడిగారు. ఆవిడ దాచలేదు. తవుడు, అందులో గేదెల మిక్చర్, నెలకోసారి మైలుతుత్తం నీళ్ళు, అన్నీ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆయన ముఖం చూసి ఆవిడకి అర్థమవుతోంది. అన్నయ్యా నేనూ పక్కనే ఉన్నాం.

ఆయన నెమ్మదిగా చెప్పారు. "గేదె ఒంట్లో రాగి ఎక్కువైతే చాలావరకు బయటికి పోతుందండి. గొర్రెకి ఆ శక్తి లేదు. కాలేయంలో దాచుకుంటూ పోతుంది. నెలల తరబడి బయటికి ఏమీ తెలీదు, పైగా నిగనిగలాడుతుంది. ఏదో ఒక రోజు బెదురో, వానో, పస్తో తగిలితే దాచుకున్నదంతా ఒక్కసారి రక్తంలోకి దిగి రక్తాన్నే విరిచేస్తుంది. తక్కువైతే పిల్లలు లేవవు, ఎక్కువైతే తల్లులే పోతాయి. వీటి విషయంలో ఆ రెండిటికీ మధ్య చోటు చాలా ఇరుకండి."

అన్నయ్య వెంటనే అందుకున్నాడు. అయితే వరద వల్లేనన్నమాట, వరద రాకపోతే బతికేవేగా అన్నాడు. ఆవిడని కాపాడుకోవాలని ఆయన తాపత్రయం. డాక్టరుగారు కూడా, వరద తోసిందండి, నిజమే అన్నారు.

వదిన తల అడ్డంగా ఊపింది. "కాదులెండి. నేను పెట్టిందే."

అని, ఎవరికీ ఇంకేమీ చెప్పకుండా కొంగు తలమీద కప్పుకుని వానలో గట్టు వెంబడి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. జనం ఇంకా అక్కడే ఉన్నారు. ఆవిడ ఆ పడవాయన పట్టా ముందు ఆగింది. అందరికీ వినపడేలా అంది:

"తమ్ముడూ, నా గొర్రెల్ని నువ్వేం చెయ్యలేదు. నా చేత్తో నేనే చంపుకున్నాను. గేదెలది వీటికి పెట్టాను. డాక్టరుగారు చూసి చెప్పారు. మా ఆయన నీ మీద చెయ్యి వేసినందుకు నేను నీకు దణ్ణం పెడుతున్నాను."

నిజంగానే చేతులు జోడించింది. అతను తొట్రుపడి లేచాడు. వాళ్ళావిడ వైపు చూశాడు. ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని పట్టా కిందకి లాగి, "తడిసిపోతన్నారు, కూకోండమ్మా" అని గ్లాసులో టీ పోసింది. వదిన తాగింది. ఆ రెండు రోజుల్లో ఆవిడ నోట్లోకి వెళ్ళింది అదే. బయట జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

చచ్చిన గొర్రెల్ని ఎవరూ తినకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో పూడ్చాల్సి వచ్చింది. మునగని మెరక గట్టు చివర ఎక్కడో ఉంది. పడవాయన అడక్కుండానే పడవ విప్పాడు. అన్నయ్య పార పట్టుకుని ఎక్కాడు. ఇద్దరూ కలిసి గొయ్యి తవ్వారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి ఇద్దరికీ ఒళ్ళంతా ఒకటే బురద.

మిగిలిన వాటికి డాక్టరుగారు ఒంట్లో రాగిని కట్టిపడేసే మందు రోజూ తాగించారు. తవుడు, మిక్చర్ పూర్తిగా ఆపించారు. నేను మరిచిపోలేనిది ఆ తరవాతి రోజుల్ని. సాయంత్రమయ్యేసరికి గొర్రెలు అలవాటు ప్రకారం వదిన చుట్టూ చేరేవి. రాత్రికి చచ్చిపోయేది కూడా తూలుకుంటూ వచ్చి ఆవిడ చేతిలో మూతి పెట్టి వెతుక్కునేది. ఆవిడ ఖాళీ చెయ్యి అలాగే చాపి ఉంచేది. వెనక్కి తీసుకునేది కాదు. వరద తీసి లంకకి తిరిగి వెళ్ళేటప్పటికి పడవ ఒక్క విడతే తిరిగింది.

ఆ తరవాత ఆవిడ రెండు రకాలుగా మారింది. ఒకటి ఊరికి కనపడింది. ఒకటి మా ఇంట్లోవాళ్ళకే తెలుసు.

ఊరికి కనపడింది ఏంటంటే, ఆవిడ మనుషుల్ని పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఈ వైపు లంకల్లో ఈ మధ్య చాలామంది కొబ్బరి తోటల్లో గొర్రెలు మేపుతున్నారు. ఎవరు మేపుతున్నారని తెలిసినా అన్నయ్య బండి ఎక్కి వెళ్ళేది. పశువుల శిబిరాలు పెడితే ముందు వరసలో కూర్చుని, డాక్టరుగారి మాటలయ్యాక లేచి నిలబడేది. గేదెల మిక్చర్ గొర్రెలకి వద్దని, కోళ్ళ దాణా వద్దని, తోటలో మైలుతుత్తం మందు కొట్టినప్పుడు ఆ గడ్డి మీదకి గొర్రెల్ని తోలద్దని, పిల్లలు లేవకపోతే పరీక్ష చేయించకుండా రాగి పోయద్దని చెప్పేది. దాణా కొట్లకి వెళ్ళి, సంచి ఇచ్చే ముందు గొర్రెలకో గేదెలకో అడిగి ఇవ్వండి బాబూ అని బతిమాలేది. మొదట్లో నవ్వారు. ఒక కొట్టాయన బేరం చెడగొడుతున్నావమ్మా అని కసురుకున్నాడు. ఆవిడ మళ్ళీ వెళ్ళేది.

ఎక్కడ చెప్పినా మొదటి మాట ఒకటే. నేను నా గొర్రెల్ని చంపుకున్నానండి. ఆ మాట వినలేక ఒకసారి నేను, చచ్చిపోయాయని చెప్పచ్చు కదా వదినా, ఎందుకలా చీల్చుకుంటావు అన్నాను. ఆవిడ అప్పుడు చింతచిగురు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"చచ్చిపోయాయంటే అయ్యో పాపం అని వెళ్ళిపోతారే అమ్మడూ. చంపుకున్నానంటే ఆగుతారు. ఎలాగమ్మా అని అడుగుతారు. అడిగితేనే కదా నేను చెప్పేది."

ఇంట్లోవాళ్ళకి తెలిసిన మార్పు వేరు. వరద తరవాత మొదటిసారి నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు భోజనానికి కూర్చున్నాను. వదిన అన్నం గరిటెతో తీసి, కంచం మీద ఆపి, "ఎంత పెట్టమంటావు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. సరదాకి అడిగిందేమోనని ముఖం చూశాను. కాదు. నిజంగా తెలీక అడుగుతోంది. గరిటె గాలిలో అలాగే ఉంది. నేను, నీ ఇష్టం వదినా, పెట్టు అన్నాను. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి, గిన్నె నా వైపు జరిపి, "నువ్వే పెట్టుకో" అంది. మా ఆయన ఆ పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన మొదటిసారి తనంతట తను కంచం చాపి, "నాకు ఇంకొంచెం వెయ్యండి" అన్నారు. ఆవిడ నవ్వింది గానీ గరిటె ముట్టుకోలేదు. ఆ తరవాత ఎంతమంది వచ్చినా అంతే. అన్నీ వండి మధ్యలో పెట్టేది, ఎవరికి వాళ్ళు పెట్టుకోవాలి. కనురెప్పలు లాగి చూడటం కూడా మానేసింది. ఒకసారి నేనే ముఖం ఆవిడ ముందు పెట్టి చూడమన్నాను. బాగానే ఉన్నావులే అని చెంప తట్టి వెళ్ళిపోయింది.

గొర్రెల్ని మాత్రం మానలేదు. మిగిలిన వాటితోనే మళ్ళీ మంద పెంచింది. కానీ వాటికి ఆకు తప్ప ఇంకేది పెట్టాలన్నా తనే పెట్టేది. తవుడు డబ్బా మూత అన్నయ్యని కూడా తీయనిచ్చేది కాదు. ఎంత పెట్టాలో డాక్టరుగారు చెప్పింది ఆవిడకే తెలుసు. జ్వరం వచ్చినా గోడ పట్టుకుని పాకలోకి వెళ్ళి, కొలిచి పెట్టి, మళ్ళీ వచ్చి పడుకునేది. అన్నయ్య కోప్పడితే, ఇంకొకరి చేతికి ఆ పాపం ఎందుకండీ అనేది.

పోయిన శ్రావణంలో ఒక తెల్లవారుజామున గుండెల్లో నొప్పి అంది. పడవ దాటించి, గట్టు ఎక్కించి, కారు రాజమండ్రి దారి పట్టేలోపే పోయింది. వెనక్కి తీసుకొచ్చారు. నేను వెళ్ళేసరికి వసారాలో పడుకోబెట్టి ఉంది. పడవ దాటించింది ఆ పడవాయనే. వసారా దిగువన గోడకి ఆనుకుని కూర్చుని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

అన్నయ్యా వదినల కూతురు సామర్లకోట నుంచి రావాలి. అందుకని ఎదురుచూస్తున్నారు. ఏడుపులు సద్దుమణిగాక పాకలోంచి గొర్రెల అరుపులు వినపడ్డాయి. వాటిని విప్పినవాళ్ళు లేరు, పెట్టినవాళ్ళు లేరు. పొద్దెక్కుతున్నకొద్దీ అరుపులు ఎక్కువయ్యాయి.  పక్కింటావిడ మంచి మనసుతోనే లేచి, కాస్త తవుడు కలిపి పోస్తానని వెళ్ళి డబ్బా మూత తీయబోయింది.

అన్నయ్య అప్పటిదాకా వదిన తల దగ్గర కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఒక్క ఉదుటున లేచాడు.

"దాన్ని ముట్టుకోకండి. ఎంత పెట్టాలో మాకెవ్వరికీ తెలీదు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అన్నయ్య చూరులోంచి కొడవలి లాగి దొడ్డివైపు నడిచాడు. నేనూ వెళ్ళాను. అక్కడున్న అవిస చెట్టు కొమ్మలు ఆయన నరుకుతుంటే నేను మోపు కట్టాను. పాక తలుపు తీసేసరికి గొర్రెలన్నీ ఒక్కసారిగా గుమ్మం దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూసి ఆగిపోయాయి. మా వెనక ఇంకెవరైనా వస్తారేమోనని మెడలు చాచి చూశాయి. ఆకు ముందు వేసినా కదల్లేదు. అన్నయ్య నేలమీద గొంతుక్కూర్చుని, ఒక రెమ్మ తుంచి చేత్తో పట్టుకుని చాపాడు.  చాలాసేపటికి ఒక ముసలి గొర్రె వచ్చి ఆ చెయ్యి వాసన చూసి, రెమ్మ అందుకుంది. తరవాత ఇంకోటి వచ్చింది.

లోపలనుంచి ఎవరో పిలిచారు, అమ్మాయి వచ్చేసిందని, స్నానానికి లేవాలని. వస్తున్నానన్నాడు అన్నయ్య. లేవలేదు. మందలో ఆఖరి పిల్ల కూడా ఆకు నమలడం మొదలుపెట్టాక, పాక తలుపు చేరవేసి, కూతుర్ని పట్టుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాడు.